డౌన్‌లో ఇంజన్ ఆపే మనిషి

1998లో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ దగ్గర నాకో డ్రైవింగ్ స్కూలు ఉండేది. స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక అద్దె గది, ఒక పాత కారు, నేను. మాదాపూర్ బండరాళ్ల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. నిన్నటిదాకా స్కూటరు నడిపినవాళ్లు లోను పెట్టి కార్లు కొనేస్తున్నారు. నా కారుకు డ్యూయల్ కంట్రోల్ ఉండేది, అంటే నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చున్న నా కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేక్. ఆ బ్రేకుతో ఎందరినో ఆపాను. ప్రసాదరావు అనే పెద్దమనిషిని మాత్రం ఆపలేకపోయాను.

ఆయన భార్య మాధవి నా దగ్గర నేర్చుకుంది. తెనాలి వైపు వాళ్లు, ప్రగతి నగర్‌లో ఉండేవారు. ఆయనది ప్రభుత్వోద్యోగం, ఆమెది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నపాపని క్రెష్‌లో వదిలి వెళ్లేది. సాయంత్రం రెండు బస్సులు మారి వచ్చేసరికి క్రెష్ మూసే వేళ దాటిపోయేది.

"క్రెష్ ఆవిడ రోజూ విసుక్కుంటోందండీ. ఇలాగైతే ఉద్యోగం మానెయ్యమంటున్నారు మావారు" అంది మొదటి రోజే.

"మీకు కారున్నది కదమ్మా?"

"ఉందండీ. పెట్రోలు దండగని ఆయన బస్సులోనే వెళతారు. ఆదివారం తుడిచి మళ్లీ కవరు కప్పుతారు."

నేను నేర్పినవాళ్లలో అంత శ్రద్ధగా నేర్చుకున్న మనిషిని చూడలేదు. ఎత్తు మీద హాఫ్ క్లచ్, అంటే బండి వెనక్కి జారకుండా క్లచ్‌ని సగంలో పట్టి ఉంచడం, మగవాళ్లనే ఏడిపించే పని. మాధవి పట్టుబట్టి సాధించింది. లైసెన్స్ చేతికొచ్చిన రోజు "రేపటి నుంచి నేనే వెళ్తానండీ" అని దాన్ని జాగ్రత్తగా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. నాక్కూడా కడుపు నిండినట్టయింది.

ఆ రోజు ప్రసాదరావు కూడా వచ్చాడు. కారు ఖర్చు తగ్గించుకోవడం మీద నాకు చిన్న ఉపన్యాసమే ఇచ్చాడు. ఏసీ అసలు వెయ్యడట. టైర్లు నున్నగా అయ్యేదాకా మార్చడట. అంతటితో ఆగితే పోయేది.

"డౌన్ వచ్చిందంటే కీ ఆఫ్, బండి న్యూట్రల్. దానంతటదే పోతుందండీ. స్కూటరు మీద ఎన్నేళ్లు అలా మిగిల్చానో! మా ఆవిడకీ అదే నేర్పుతున్నాను."

"సార్, కారుకు గట్ల చెయ్యొద్దు. స్కూటర్ ముచ్చట వేరు, దీని ముచ్చట వేరు. ఇంజన్ ఆపితే బ్రేక్ పట్టది."

"ఏంటండీ, పెట్రోలు బంకు వాళ్లతో గానీ కలిశారా?" అని పకపకా నవ్వాడు.

మాధవిని పక్కకు పిలిచి ఆ పని మాత్రం చెయ్యొద్దమ్మా అని చెప్పాను. "సరేనండీ. కానీ రోజూ ఇంటికి రాగానే పెట్రోలు ముల్లు చూస్తారు" అంది.

కొన్ని వారాలు హాయిగా గడిచాయి. రోడ్డు మీద ఎదురుపడితే హారన్ కొట్టి నవ్వేది. తర్వాత ఒక పొద్దున, మాదాపూర్‌లో ఆఫీసు దగ్గరి డౌన్‌లో సిమెంటు తట్టలతో కూలీ ఆడవాళ్లు రోడ్డు దాటుతున్నారు. మాధవి బ్రేక్ తొక్కింది. మళ్లీ తొక్కింది. బ్రేక్ రాయిలా బిగుసుకుపోయింది. బండిని పక్కనున్న కంకర కుప్ప మీదికి తిప్పేసింది. కూలీల్లో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఆమె మణికట్టు విరిగింది, కారు ముందు భాగం నుజ్జయింది. ఆ కొద్ది క్షణాల్లో అలా ఆలోచించగలిగిన మనిషిని ఎవరైనా డ్రైవర్ అనే అంటారు.

మర్నాడు ప్రసాదరావు నా మీదికి యుద్ధానికొచ్చాడు. వెనకాల చేతికి కట్టుతో మాధవి.

"ఏం నేర్పారండీ మీరు? బ్రేక్ వెయ్యడం కూడా రాని మనిషికి లైసెన్స్ ఇప్పిస్తారా?"

"ఇంజన్ నడుస్తుండెనా అమ్మా?" అని మాధవినే అడిగాను.

ఆమె తల దించుకుంది. "లేదండీ. ఆపాను."

నాకు ఒళ్లు మండింది. ఆయన్ని నా కారులో డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. చదునైన జాగా, బండి కదలదు. "ఇంజన్ ఆఫ్ చెయ్యండి సార్. ఇగ బ్రేక్ తొక్కి వదలండి. మళ్లీ తొక్కండి. మళ్లీ."

మూడోసారికి ఆయన కాలు అక్కడే ఆగిపోయింది. బలమంతా పెట్టి నొక్కినా కిందికి దిగలేదు. బ్రేక్ బూస్టర్ అని ఒక డబ్బా ఉంటుంది, మన కాలికి బలమిచ్చేది అదే, దానికి బలమిచ్చేది నడుస్తున్న ఇంజను అని చెప్పాను. స్కూటరుకు ఆ గొడవ లేదు, అందుకే ఆయన ఇన్నేళ్లూ బతికి బట్టకట్టాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. హమ్మయ్య, అర్థమైంది, ఇప్పుడైనా భార్యతో ఒక్క మంచి మాట అంటాడని చూశాను.

దిగి, చేతులు దులుపుకున్నాడు.

"నిజమే సుమండీ. ఇంత ప్రమాదమైన వస్తువు ఆడవాళ్ల చేతికి ఇవ్వకూడదు. నా తప్పే."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో. "మరి మీరు?" అన్నాను.

"నేను మూడుసార్లు తొక్కను కదండీ!"

మాధవి ఒక్కసారి నా కారు వైపు చూసి, ఆయన వెనకే వెళ్లిపోయింది.

చెయ్యి నయమైనా ఉద్యోగానికి మళ్లీ వెళ్లలేదు. ప్రసాదరావే బజార్లో కనబడి ఉత్సాహంగా చెప్పాడు, క్రెష్ ఫీజు మిగిలింది, పెట్రోలూ మిగిలింది అని. అంత తెలివైన పిల్ల జీతం పోవడాన్ని మిగులు కింద రాసుకున్న మనిషితో ఏం మాట్లాడతాం? నమస్కారం పెట్టి తప్పుకున్నాను.

అప్పటి నుంచి ఆడవాళ్లెవరు నేర్చుకోవడానికి వచ్చినా, ఇంట్లో పెట్రోలు ముల్లు చూసే మనిషిని కూడా ఒక్కరోజు తీసుకురమ్మనేవాణ్ని. ముందు ఆ మనిషి చేత బ్రేక్ తొక్కించేవాణ్ని. కొందరు వచ్చారు, చాలామంది రాలేదు. బండి నడపడం నేర్పగలం గానీ, ఆ బండి తాళంచెవి ఎవరి జేబులో ఉండాలో మనం నేర్పలేమని ఆ కేసుతోనే తెలిసింది.

ఒక ఆదివారం మాదాపూర్ డౌన్‌లో నా పక్క నుంచి ఒక కారు చప్పుడు లేకుండా జారుకుంటూ పోయింది. ప్రసాదరావు నన్ను చూసి చెయ్యి ఊపాడు. మాధవి పక్క సీట్లో, ఒళ్లో పాప. ఇంజన్ ఆగిపోయినా కేబుల్ మీద పనిచేసేది కారులో హ్యాండ్ బ్రేక్ ఒక్కటే. ఆమె ఎడమ చేత్తో పాపను పొదివి పట్టుకుంది. కుడి చెయ్యి సీట్ల మధ్యనున్న ఆ బ్రేకు మీదే ఉంది.