నేను రాయని పదకొండో నియమం

కంప్యూటర్ పీరియడ్ అయిపోయినా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె బెంచీ వదల్లేదు. తాళం వేయాలి లెమ్మన్నాను. లేవలేదు. తెలుగులో మొదలుపెట్టి, భయం ఎక్కువయ్యేకొద్దీ మా బడి భాష మరాఠీలోకి జారుతూ సంగతంతా చెప్పింది. ఫోన్లో ఆడే ఆటలో పరిచయమైన వాడొకడు ఫోటో అడిగాడు. పుట్టినరోజుకు కొత్త గౌను వేసుకుని దిగిన ఫోటో పంపింది. ఇప్పుడు వాడు ఇంటి అడ్రసు చెప్పమంటున్నాడు, చెప్పకపోతే పిచ్చి రాతలు రాసి ఆ ఫోటో ఊరంతా పంచుతాడట.

"అమ్మకు చెప్పినవా?"

"చెప్తే బడి బంద్ మేడం. అక్కకు ఎవడో మిస్డ్ కాల్ ఇచ్చిండని పదో తరగతిల బడి మాన్పిచ్చింది."

వాళ్ళమ్మను నేనెరుగుదును. బొగ్గుగని కాలనీ కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే ముందూ వెనకా బిందెలు కాస్త జరుగుతాయని చెప్పుకుంటారు. స్టాఫ్ రూంలో నా కుర్చీ గురించి కూడా అలాంటి మాటే ఉంది, అది వేరే సంగతి.

"వానికి జవాబియ్యకు. ఏదీ డిలీట్ చెయ్యకు. శనివారం లోపల అమ్మకు నువ్వన్నా చెప్పు, లేకుంటే నేను చెప్త" అన్నాను. ఆ పిల్ల చూపును బట్టి ఆ క్షణాన వాడికంటే నేనే ఎక్కువ బెదిరించాను.

హెడ్మాస్టరుతో వాదించి శనివారానికే తల్లిదండ్రుల మీటింగు పెట్టించాను. ఇంటర్నెట్టులో జాగ్రత్తలు, పది నియమాలు. తెలుగు కుటుంబాలు ఎక్కువ కదా అని రెండు సాయంత్రాలు కూర్చుని చక్కని తెలుగులో టైపు చేశాను. గేటు దగ్గర ఒక తల్లి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్షరాలు సకినాల లెక్క ముద్దుగున్నయ్ మేడం. గని గివి ఎవ్వలు సదువాలె?"

నిజమే. మాది మరాఠీ రాష్ట్రం, ఇక్కడ తెలుగు నోట్లోనే ఉంటుంది. బడికెళ్ళినవాళ్ళంతా చదివింది మరాఠీ. అందుకని అదే కాగితం మరాఠీలో రాసి, ప్రతి నోటీసూ పంపినట్టే పిల్లల చేతికిచ్చి పంపాను. ఇంట్లో చదివి, తెలుగులో చెప్పి, అడుగునున్న చీటీ మీద సంతకం పెట్టించి చింపి తేవాలి. టీకాల కబురైనా సెలవుల కబురైనా మా బడి నుంచి ఇళ్ళకు వెళ్ళే దారి అదే. పిల్లల మీద కన్నేసి ఉంచడం ఎలాగో పిల్లల చేతే చదివించి చెప్పిస్తున్నానని ఇన్నేళ్ళ సర్వీసున్న నా బుర్రకు తట్టలేదు. శుక్రవారానికల్లా అన్ని సంతకాలూ వచ్చేశాయి. మహా గర్వపడ్డాను.

శనివారం ముందుగా ఒక తండ్రి లేచాడు. "మేడం, రోజుకు రెండు గంటలన్న ఫోన్ ఇయ్యకుంటే పిల్లల తెలివి తగ్గుతదని రాసిండ్రట?"

"నేను రాయలే!"

"పిల్లల ఫోన్ తల్లి ముడితే వైరస్ వస్తదట గదా," అంది ఇంకొకావిడ. "రెండు దినాల సంది కొంగుతోని పట్టుకొని ఇస్తున్న."

"నేను రాయలే!"

ఒక ముసలమ్మ మాత్రం పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఓటీపీ వస్తే బయటోళ్ళకు చెప్పొద్దు. మనుమనికే చెప్పాలె."

వెనక బెంచీల్లో పిల్లలందరూ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. ఒక్కొక్క అనువాదకుణ్ణీ నిలబెట్టి ఉతికి ఆరేశాను. నేను మంచి ఊపు మీదుండగా ఆ పిల్ల తల్లి లేచింది.

"మా బిడ్డ మంచిగనే సదివింది. గని ఆఖరుది నాకు నచ్చలే. పిల్లలు తప్పు చేసినమని వచ్చి చెప్తే తిట్టొద్దు, బడి మాన్పియ్యొద్దు అంట. గట్లెట్ల రాస్తరు మేడం?"

నేను రాయలేదు. ఆమె వెనక ఆ పిల్ల బెంచీ చెక్కను గోటితో గీకుతోంది. ఇంకా చెప్పలేదన్నమాట.

"రాసిన," అన్నాను. "అండ్ల తప్పేముంది?"

"తప్పే. బిడ్డ నాది. ఏమన్న అయితే మీరొస్తరా?"

"చెల్లె, మీ కాలనీల ఆరేసిన బట్టల మీద బొగ్గు దుమ్ము పడుతదా?"

"రోజూ పడుతది."

"పడుతదని ఆరేసుడు బంద్ చేసినవా?"

"ఎందుకు బంద్ చేస్త? దులుపుకొని తెస్త."

"మరి బిడ్డకు బడి బంద్ చేసుడెందుకు?"

"బిడ్డ, ఆరేసిన లంగ రెండూ ఒకటేనా మేడం? గింత సదువుకున్నరు, గిదేం లెక్క?"

హాలంతా నవ్వింది. నా పాయింటు బాగుందనే ఇప్పటికీ అంటాను, కానీ నవ్వు మాత్రం ఆమెకే దక్కింది. ఆమె కూర్చుని కాగితం తీసింది. వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయి, మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది. తరువాత పిల్ల రెక్క పట్టుకుని వరండాలోకి నడిచింది.

నేను పాస్‌వర్డుల గురించి ఏదో మాట్లాడాను. ఏం మాట్లాడానో వినేవాళ్ళకైనా తెలిసిందో లేదో.

మీటింగు అయ్యాక ఇద్దరూ వచ్చారు. పిల్ల అంతా చెప్పేసినట్టుంది, ముఖం ఏడ్చి ఉబ్బింది. చెంపల మీద వేళ్ళ గుర్తులు వెతికాను, లేవు.

"నాకు మరాఠీ రాదు మేడం, లెక్క వస్తది," అంది తల్లి. "కాయితంల పదే ఉన్నయ్. ఇది పదకొండు సదివింది. మీరేమో రాసిన అని కొట్లాడుతుండ్రు. ఇద్దరు కల్సి ఏదో దాస్తున్నరని గప్పుడే అనుకున్న."

నేను దొరికిపోయాను. ఇది నా జీవితంలో అరుదు.

"ఆ బాడ్కావు ఎవడు? ఒక్క మాట తిడ్త." వాడికి వాయిస్ మెసేజీ పెట్టడానికి పిల్ల ఫోన్ అప్పటికే నోటి దగ్గర ఉంది.

"వద్దు! జవాబియ్యొద్దు. ఐదో నియమం. ఇది నిజంగ నేనే రాసిన."

"చిన్న తిట్టు మేడం."

"చిన్నది గూడ వద్దు. పోలీసుల కాడికి పోదాం పా."

సైబర్ కంప్లయింట్లు తీసుకునే గదిలో ఆమె తెలుగులో చెబుతుంటే పిల్ల మరాఠీలో చెప్పింది. నేను పక్కన కూర్చుని మాటమాటా సరిచూశాను. తల్లి తిట్లన్నీ పిల్ల ఎగరగొట్టేస్తోంది. ఊరుకున్నాను. కాగితాల మీద ముద్రలు పడేదాకా బెంచీ మీద ఎదురుచూస్తుంటే ఆమె నా వైపు చూడకుండా అంది: "పెద్దదాన్ని ఏమైందని గూడ అడగలే మేడం. ఒకటేసారి మాన్పిచ్చిన."

సోమవారం గేటు దగ్గర ఇద్దరూ కనిపించారు.

"బడికి తోలిన," అంది. "ఫోన్ మాత్రం నా కాడనే."

"ఒక గంటన్న ఇయ్యాలె."

"అద్ద గంట. అది గూడ నేను పక్కపొంటి కూసుంటెనే."

"ముప్పావు గంట."

మేము బేరం తెంపేలోపు గంట కొట్టారు. పిల్ల మా ఇద్దరినీ అక్కడే వదిలేసి క్లాసులోకి ఉరికింది.