ముసురు రోజుల్లో మా వదిన

మొన్న మంచు పొద్దున మదనపల్లెలో బస్సు దిగి, అంగళ్లు ఊరికి వెళ్లే ఆటో కోసం నిలబడ్డాను. ఎదురుగా చికెన్ అంగడి ముందు ఇనుప బోనులో తెల్లకోళ్లు తలలు రెక్కల్లో దాచుకుని, ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటే, చూస్తూ చూస్తూ వచ్చిన పనే మరిచిపోయి, తొంభైల మొదట్లో పుంగనూరు పక్క పల్లెకు నేను కాపురానికి వచ్చిన తొలి చలికాలంలోకి వెళ్లిపోయాను. మా వైపు చలి మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. అందులోనూ తుఫాను ముసురు పట్టిందంటే దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టాలన్నా ఏడుపొచ్చేది.

నా పుట్టిల్లు కుప్పం. నాయన సైకిల్ షాపు వెనక గదిలోనే మా సంసారమంతా సాగేది కనుక, కోడిని కూరగా తప్ప ప్రాణంగా ఎరగను. అలాంటి నాకు మా పెద్దమ్మ, కొత్త కాపురానికి తోడుంటాయని, ఒక ఎర్ర పెట్టను పిల్లలతో సహా గంపలో పెట్టి ఇచ్చి పంపింది.

మా ఆయన టమోటా లారీ తోలుతూ ఊళ్లు తిరిగేవారు. ఇంట్లో ఉండేది నేనూ, ఆయన అక్కా. భర్త పోయాక పుట్టింటికి వచ్చి, పట్టుపురుగులు పెంచి ఆ ఇంటిని నిలబెట్టిన మనిషి మా వదిన. కోడి కంటపడితే పట్టుపురుగు దాని ముక్కులోకే పోతుంది. పురుగులకు మురికి సోకినా రోగం తగిలి పంటంతా పోతుంది. అందుకని ఆమె తలస్నానం చేయనిదే పురుగుల గదిలో అడుగుపెట్టేది కాదు. నా గంపను చూసి ముఖం ముడుచుకుని, పెరటి చివర ఉంచుకొమ్మని చెప్పి, మళ్లీ అటు తొంగిచూడలేదు.

ఆ మార్గశిరంలో ముసురు పట్టింది. సూర్యుడి జాడ లేదు, గాలి చర్మాన్ని కోసేస్తోంది. కోళ్లు వణుకుతుంటే తట్టుకోలేక, ఎక్కడా సందు లేకుండా గూటికి ప్లాస్టిక్ పట్ట చుట్టి బిగించేశాను. తెల్లారి చూస్తే లోపలంతా చెమ్మ, పట్ట మీంచి నీళ్లు బొట్లు బొట్లుగా పిల్లల మీద పడుతున్నాయి. రెండు పిల్లలు అప్పటికే పోయాయి. తక్కినవి కళ్లు మూసుకుని తూలుతున్నాయి. కుంపటి తెచ్చి లోపల పెట్టబోతూ ఏడుస్తుంటే, నా వెనక వదిన గొంతు వినబడింది.

“ఆడ నిప్పు పెట్టొద్దమ్మీ, కింద పరిచిన పొట్టు అంటుకుంటాది. యాల ఇట్లా బిగించినావు? గాలి కొట్టకూడదు గానీ, గాలి ఆడాల.”

చీర చెంగు దోపుకుని, మోకాళ్ల మీద కూర్చుని తడిసిన పొట్టంతా చేత్తోనే ఎత్తిపోసింది. పట్ట విప్పేసి, గాలి వచ్చే వైపు గోనెసంచులు కట్టి, పైన మాత్రం సందు వదిలింది. ఎండు చెనక్కాయ పొట్టు మందంగా పరిచింది. పొయ్యి దగ్గర కాచిన ఇటుకను గోనెలో చుట్టి పిల్లల పక్కన పెట్టింది. పొద్దు గూకేముందు రాగులు, మొక్కజొన్న నూక కడుపునిండా వెయ్యమంది. నీళ్లు గోరువెచ్చగా మారుస్తూ ఉండమంది.

అప్పుడు ఆమె పురుగులు గూళ్లు కట్టే దశలో ఉన్నాయి. ఆ ఏడు ఇల్లు గడవడం వాటి మీదే ఆధారపడి ఉంది. కట్టెలు తడిసి, ఉన్న కాస్త వేడినీళ్లూ కోళ్లకే సరిపోయేవి. కోళ్లను ముట్టిన ప్రతిసారీ ఆమె బావి దగ్గర చన్నీళ్లు పోసుకుని, పెదాలు నీలంగా మారి, పళ్లు టకటకలాడుతుంటే పురుగుల గదిలోకి వెళ్లేది. మళ్లీ వచ్చి కోళ్ల గూటిలో చెయ్యి పెట్టి చూసేది. ఒకసారి నేను ఉండబట్టలేక అడ్డం వెళ్లాను.

“నేను సూసుకుంటాను గదా వదినా, నువ్వు యాల తడుస్తాండావు?”

“నీకు ఇంకా చెయ్యి అలవాటు కాలేదులే. ఆ పురుగులూ ప్రాణమే, ఇవీ ప్రాణమే. పో, నీళ్లు తోడు.”

ముసురు విడిచింది. ఎర్రపెట్ట మిగిలిన పిల్లలతో ఎండలో రెక్కలు విదిల్చింది. వదిన పట్టుగూళ్లు కూడా తెల్లగా, గట్టిగా దిగాయి. మూటలు కట్టుకుని మదనపల్లె మార్కెట్టుకు వెళ్తూ, దారికి అడ్డొచ్చిన నా కోళ్లను ఎప్పటిలాగే తిట్టిపోసింది. వాటి మీద ఆమెకు ఇష్టం ఎన్నడూ కలగలేదు.

వదిన పోయి చాలాకాలమైంది. పురుగుల గదిలో ఇప్పుడు మోటారుసైకిలు పెడుతున్నాం. మా ఇళ్లల్లోకి ఇప్పుడు గీజర్లు వచ్చాయి, ఏ వేళకైనా వేడినీళ్లు ఉన్నాయి. ఇష్టమైనవాళ్ల కోసం కష్టపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, కాదనను. తనకు గిట్టని ప్రాణి కోసం ఆ చలిలో చన్నీళ్లు పోసుకున్న మనిషిని మాత్రం నేను మళ్లీ చూడలేదు.