మంజిల్ గ్యాస్

మొన్న మా పై గదికి ఏసీ బిగించడానికి వచ్చిన మెకానిక్ పనంతా ముగించుకుని, గ్యాస్ సిలిండరును చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద నిలబెట్టి, ఫోనులో చూసుకుంటూ, పైపు పొడవు ఇన్ని మీటర్లు, అందుకు అదనంగా ఇన్ని గ్రాములు అని తనలో తాను గొణుక్కుని వాల్వు తిప్పాడు. కౌడిపల్లి మనిషి, ముప్ఫై అయిదేళ్లుంటాయి, చేతిలో పనితనం ఉన్నవాడు. మా డాబా మీద కోతుల బెడద ఎక్కువ గనుక బయటి మిషనును వెనక పెరట్లో గ్రిల్లు లోపల పెట్టించాను. నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సగం జీవితం ఇదే పని చేసి, మోకాళ్లు పోయాక మానుకున్నవాణ్ణి, ఎదురుగా పని జరుగుతుంటే చూడకుండా ఉండలేను. ఫోను చెప్పిన అంకె దగ్గరికి కాటా వచ్చింది. అయిపోయిందనుకున్నాను. అతను వాల్వు మూయలేదు. ఇంకో నూట యాభై గ్రాములు వదిలాడు.

అదెందుకని అడిగాను.

"మంజిల్ గ్యాస్ సార్. పైపు ఒక్క మంజిల్ ఎక్కుతె నూట యాభై ఎక్కువెయ్యాలె. కంపెనోళ్లకు మన దిక్కు సంగతి ఏం తెల్వదు. ఇది పాత ఉస్తాద్ లెక్క," అన్నాడు.

మంజిలంటే అంతస్తు. ఆ లెక్క ఉస్తాద్‌ది కాదు. అది ఎక్కడ పుట్టిందో, ఎవరి వల్ల పుట్టిందో తెలిసిన మనిషి ఈ ఊళ్లో ఇప్పుడు నేనొక్కణ్ణే.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన మెదక్‌లో ఎండాకాలమంటే కూలరుకు కొత్త గడ్డి కట్టించుకోవడం, తలుపులకు తడిపిన గోనెపట్టాలు వేలాడదీసుకోవడం, అంతే. గోడకు బిగించే ఏసీలు అప్పుడప్పుడే ఊళ్లోకి వస్తున్నాయి. ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం మాత్రం బస్టాండు వెనక గల్లీలో ఒకటుండేది, దాని యజమానినే అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. వాళ్ల తాత గడియారాలు బాగుచేసేవాడట. ఆ చూపు, ఆ ఓపిక ఈయనకూ వచ్చాయి. బడిలో చదివింది నాలుగో అయిదో తరగతులు. నేను హవేలిఘనపూర్ దగ్గర పొలం చేసి, బోరు మోటార్లకు వైండింగు చేసి, ముప్ఫై దాటిన వయసులో ఆయన దగ్గర చేరాను.

అప్పట్లో గ్యాస్ ఎక్కించడమంటే అందాజే. వెనక్కి వచ్చే పైపు చేత్తో పట్టుకుని, అది చల్లబడి చెమట పట్టేదాకా గ్యాస్ వదిలి, ఇక చాలనుకుని కట్టేసేవాళ్లు. ఉస్తాద్ అలా చేసేవాడు కాదు. ఆయన దగ్గర అడుగుకొక ముడి వేసిన నూలు దారం ఉండేది. పైపు ఎటెటు పోతుందో, ఎక్కడెక్కడ వంగుతుందో అటంతా ఆ దారం పరిచి ముడులు లెక్కపెట్టేవాడు. ఇంచుకు ఎనిమిది సూతులు కదా, రెండు సూతుల పైపు, మూడు సూతుల పైపు, నాలుగు సూతుల పైపు ఒక్కోటి జానెడు ముక్క కోసి, ఒక కొస మూసి, సూదిమందు సిరంజితో నీళ్లు పోసి, దేనిలో ఎన్ని పడతాయో చూపించేవాడు. పైపుకు కూడా కడుపు ఉంటుందని, ఎంత కడుపుకు అంతే మేత వేయాలని, తక్కువైతే మిషను ఎండి చస్తుందని, ఎక్కువైతే అజీర్తి చేసి చస్తుందని చెప్పేవాడు. మిషనుతో పాటు కంపెనీ నింపి పంపే గ్యాస్ పదిహేను అడుగుల పైపుకు సరిపోతుంది, ఆ పైన అడుగుకు ఇంత అని ఎవరిచేతో కంపెనీ కాగితం చదివించుకుని గుర్తు పెట్టుకున్నాడు. సిలిండరును కిరాణా తరాజులో తూచి, వదిలిన తర్వాత మళ్లీ తూచి, ఆ అంకెను మిషను పక్క గోడ మీద సుద్దతో రాసేవాడు. చాయ్ హోటలు దగ్గర జనం నవ్వుకునేవాళ్లు. "ఉస్తాద్ గాలి గూడ తూకమేసి అమ్ముతుండు, జర కొసరేయమనుండ్రి," అనేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. బడి చదువు లేని మనిషికి ఆ లెక్క ఒక్కటే చదువు, అదే పరువు. ఇది నాకు అప్పుడు అర్థం కాలేదు. నేనూ చాటుగా నవ్వినవాణ్ణే.

ఆ రోజుల్లో పాపన్నపేట దిక్కు పటేల్ ఒకాయన వ్యాపారంలోకి దిగి, మెయిన్ రోడ్డు మీద రెండంతస్తుల పైన ఫోటోల కలర్ ల్యాబు పెట్టాడు. ప్రింట్లు తీసే మిషనుకు గది చల్లగా ఉండాలి. డాబా మీద ఇంకో అంతస్తు లేపే ఆలోచన ఉండడంతో ఏసీ బయటి మిషనును కింద పెరట్లో పెట్టమన్నాడు. ఉస్తాద్ దారం పరిచాడు, యాభై ముడుల పైన వచ్చింది. పైకి పోయే పైపు రెండు సూతులు, తిరిగొచ్చేది నాలుగు సూతులు అని చెప్పి, రాగి పైపు చుట్ట నాకు అప్పగించి, చెల్లెలి కూతురి పెళ్లికి జహీరాబాద్ పోయాడు. మూడు రోజుల్లో వస్తాను, పైపు వేసి పెట్టు, గ్యాస్ మాత్రం నేనొచ్చాకే అన్నాడు.

పైపు వంచేటప్పుడు లోపల స్ప్రింగు పెట్టాలి. ల్యాబులో నలుగురు చూస్తున్నారని, నేనూ పెద్ద పనివాణ్ణని చూపించుకోవాలని, స్ప్రింగు లేకుండా మోకాలికి ఆనించి బొటనవేళ్లతో వంచాను. ఒకచోట నొక్కుకుపోయింది. దాన్ని కోసి మళ్లీ వంచితే మళ్లీ నొక్కుకుంది. అలా చెడగొట్టి చెడగొట్టి చివరికి రెండు సూతుల పైపు ముప్ఫై అడుగులు తక్కువ పడింది. హైదరాబాద్ బస్సెక్కి ఇంకో చుట్ట తేవచ్చు, కానీ ఉస్తాద్ ఎందుకని అడుగుతాడు. దుకాణంలో మూడు సూతుల పైపు మిగిలి ఉంది. బోరు మోటార్ల దగ్గర పెరిగిన బుర్ర నాది. లావు పైపు వేస్తే నీళ్లు ఎక్కువ పారుతాయి గానీ తక్కువ పారవు కదా అనుకున్నాను. పొలానికి లావు పైపు వేసి నష్టపోయిన రైతును నేను చూడలేదు. ఆ ముప్ఫై అడుగులూ మూడు సూతులదే అతికించి, పైన నురగ గొట్టం తొడిగి, టేపు చుట్టి, మేస్త్రీ చేత గోడలో కప్పించేశాను. చెడిపోయిన ముక్కలు పాత సామాన్ల వాడికి వేశాను.

ఉస్తాద్ వచ్చి పని చూసి భుజం తట్టాడు. "పైకి పొయ్యేది మొత్తం రెండు సూతే ఏసినవ్ గద బేటా?" అన్నాడు. అవునన్నాను. రెండు సూతులకు ఎంత గ్యాస్ కావాలో అంతా తూచి వేసి, గోడ మీద సుద్దతో రాశాడు.

చలికాలమంతా బాగానే నడిచింది. ఎండలు ముదిరి, పెళ్లిళ్లు ఊపందుకున్నాక గది చల్లబడడం మానింది, ఇంకో వారానికి కంప్రెసర్ కాలిపోయింది. ఊరూరి పెళ్లి ఫోటోలు ల్యాబులో ఆగిపోయాయి. పటేల్ మంచివాడే కానీ కోపం వస్తే నోరు ఆగదు. మెట్ల మీద పదిమంది ఉండగా, "సదువు రాని మనిషివి, నీకెందుకయ్యా గీ లెక్కలు? అందరి తీరు చేత్తోని పట్టి చూస్తె అయిపోతుండె గద," అన్నాడు.

ఉస్తాద్ మెట్లు దిగి పెరట్లోకి పోయాడు. దారం తీసి మళ్లీ పరిచాడు. రెండో కొస పట్టుకున్నది నేనే. పెరటి నుంచి మెట్ల పక్కగా పై గదిదాకా ముడులు లెక్కపెడుతూ ఎక్కుతున్న ఆయన పెదవులు కదలడం ఇప్పటికీ నాకు కనబడుతుంది. అట్ట ముక్క మీద మూడుసార్లు లెక్క వేశాడు. మూడుసార్లూ పాత అంకే వచ్చింది. చివరికి మెట్టు మీద కూర్చుని, ఎవరితోనో అన్నట్టు, లెక్క తప్పకపోతే పైపు కడుపన్నా పెద్దదై ఉండాలి అన్నాడు.

ఆ మాటతో నాకు సిరంజి గుర్తొచ్చింది. రెండు సూతుల ముక్కలో కన్నా మూడు సూతుల ముక్కలో రెట్టింపు పైగా నీళ్లు పట్టడం నా కళ్లతో చూశాను. లావు పైపు ఆయన కొలిచి వేసిన గ్యాస్‌నంతా తన కడుపులోనే ఉంచుకుని మిషనును ఎండబెట్టిందని, చంపింది నేనేనని అప్పుడు తెలిసింది. ఆయన తలెత్తి నా దిక్కు చూశాడు.

"రెండు సూతే గద?"

"అవ్ ఉస్తాద్."

మొదటిసారి భయంతో చెప్పాను, తెలియక చేశాను. ఈసారి అన్నీ తెలిసి చెప్పాను. ఆయన గోడ పగలగొట్టి చూడవచ్చు. చూడలేదు. తన లెక్కను ఒకపక్క, నా మాటను ఒకపక్క పెట్టి తూచి, నా మాటే నిజమనుకున్నాడు. అంత నమ్మకం నా మీద ఎందుకు పెట్టుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

కొత్త కంప్రెసర్ వేశాక కొంచెం కొంచెంగా గ్యాస్ వదులుతూ పోతే, లెక్క కన్నా మూడు వందల గ్రాములు ఎక్కువ పడ్డాక గది చల్లబడింది. రెండు అంతస్తులు, మూడు వందల గ్రాములు. గ్యాస్‌కు ఎక్కేందుకు కూడా కొంత బలం కావాలి కాబోలు, ఆ సంగతి కంపెనీ కాగితంలో రాయలేదు కాబోలు అని ఆయన తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. మంజిల్‌కు నూట యాభై అని దుకాణం గోడ మీద రంగుతో రాయించాడు. ముడుల దారం, సిరంజి రేకు డబ్బాలోకి పోయాయి. ఆ తర్వాత పైపు పొడవు చూపుతో అంచనా కట్టి, పైన మంజిల్ గ్యాస్ కలిపేవాడు. పాపన్నపేట, కౌడిపల్లి దిక్కు నుంచి పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లంతా గోడ మీద అంకెను చూసి రాసుకుపోయారు. నేను పక్కనే ఉండి వాళ్లకు పానాలు, పట్టకార్లు అందించాను.

నేను వేరే దుకాణం పెట్టుకున్నాక నా పనిలో ఆ నూట యాభై ఎన్నడూ వేయలేదు. నాకు తెలుసు గనుక. మిగతావాళ్లు వేశారు. అజీర్తి చేసిన మిషన్లు వెంటనే చావవు, రెండు మూడు ఎండాకాలాలు కరెంటు ఎక్కువ తిని, వేడెక్కి వేడెక్కి చస్తాయి. అలాంటివి ఎన్ని బాగుచేశానో. ఎందుకు పోయిందని ఇంటివాళ్లు అడిగితే ఓల్టేజీ అని చెప్పాను.

ఆరేడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఇక మోయలేక ఉస్తాద్ ఇంటికి పోయాను. షుగరుతో చూపు పోయింది, మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా గొంతు విని గుర్తుపట్టి చాయ్ పెట్టమని కోడలికి చెప్పాడు. స్ప్రింగు పెట్టకపోవడం దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆయన వేళ్లు మాత్రం దుప్పటి అంచు మీద ముడులు లెక్కపెడుతున్నట్టు కదిలి, ఒకచోట ఆగిపోయాయి.

"అట్లయితే బేటా, ఇన్నేండ్ల సంది నేను అందరికి తప్పు నేర్పిన్నా?"

నిజం చెప్పి ఆయన లెక్క ఆయనకు తిరిగి ఇద్దామని పోయాను. లెక్క తిరిగి ఇస్తే ఇన్నేళ్ల ఉస్తాద్‌గిరీ పోతుందని అక్కడికి పోయేదాకా తోచలేదు. చూపులేని ఆ కళ్లు నా దిక్కే ఉన్నాయి.

"లేదు ఉస్తాద్. పటేల్ అన్న మాట మర్చి మీ మనసు తేలికైతదని ఉత్తగనే చెప్పిన," అన్నాను.

ఆయన చిన్నగా నవ్వాడు. "పాగల్. ముసలోని పరువు కాపాడనీకి గింత కథ అల్లినవా? చాయ్ తాగు, సల్లగైతుంది," అన్నాడు. నమ్మాడో, నమ్మినట్టు నన్ను ఊరడించాడో తెలియదు. ఆ ఎండాకాలం దాటకముందే పోయాడు. కలర్ ల్యాబు భవనం అంతకు ముందే రోడ్డు వెడల్పులో పోయింది, గోడలోని పైపు ఏ పాత సామాన్లలో కరిగిందో. చూపించడానికి సాక్ష్యం కూడా లేదు.

మొన్న ఆ మెకానిక్‌తో, ఆ నూట యాభై తీసేయి నాయనా, అక్కరలేదు అన్నాను. "మీరు పాతకాలం మనుషులు సార్, ఊకె పరేషాన్ గాకుండ్రి. మా బాపు ఉస్తాద్ దగ్గర్నే పని నేర్చిండు. గీ గ్యాస్‌కు నేను బిల్లు గూడ వెయ్య," అని నవ్వాడు. వాళ్ల బాపు పేరు అడిగాను. నాకు తెలిసినవాడే, ఆ గోడ ముందు నిలబడి అంకె రాసుకున్నవాళ్లలో ఒకడు. ఆ తండ్రి గురించి కొడుకు అంత గర్వంగా చెబుతుంటే నా నోరు మళ్లీ మూసుకుపోయింది.

ఆనాటి రకం గ్యాస్ ఇప్పుడు లేదు. సుద్ద లేదు, దారం లేదు, తరాజు లేదు. పైపు పొడవు చెబితే గ్రాములు ఫోనే చెబుతుంది, మీట నొక్కితే చల్లదనం వస్తుంది, ఎవరూ పైపు చేత్తో పట్టుకుని చెమట కోసం ఎదురుచూడరు. ఇంత మారిన ఈ పనిలో మారకుండా నిలిచింది నేను చెప్పిన అబద్ధమొక్కటే. మెకానిక్ వెళ్లేముందు మిషను పక్కన మార్కరుతో పైపు మీటర్లు, గ్యాస్ గ్రాములు, దాని కింద 'మంజిల్ 150' అని పద్ధతిగా రాసి పోయాడు. ఉస్తాద్ సుద్దతో రాసే చోటే, అదే ఎత్తులో. రోజూ పొద్దున పెరట్లోకి పోతే కనబడుతుంది. రెండుసార్లు తడిగుడ్డతో తుడిచి చూశాను. ఈ మార్కర్లు సుద్ద లాంటివి కావు, పోవడం లేదు.