చాలని అంచు పట్టీ

కరోనా తర్వాత శిక్షణ కేంద్రాలు మళ్లీ తెరిచిన ఏడాది, ఎండాకాలంలో, నన్ను ముత్తుకూరు దగ్గర ఒక కుట్టు శిక్షణ కేంద్రానికి ఇన్‌స్ట్రక్టరుగా వేశారు. జాకెట్లూ లంగాలూ నేర్పి నేర్పి విసుగెత్తి ఉన్న నాకు, ఆ ఏడాది కోర్సులో బొంతలు కూడా చేర్చారని తెలియగానే ప్రాణం లేచివచ్చింది.

బొంత కుట్టడం ఎవరికి రాదు? నాలుగు పాత చీరలు పరిచి దారం వేసుకుంటూ పోవడమే. పరీక్షకు పెట్టే బొంత అలా కాదు, దానికి చుట్టూ అంచు పట్టీ కట్టాలి. నడుమంతా పెళ్లి సందడి, అంచు దగ్గరకొచ్చేసరికి అప్పగింతల ఏడుపు. పట్టీని గుడ్డకు ఏటవాలుగా కోయాలి. మేం దాన్ని క్రాసు పట్టీ అంటాం. అది వంపు తిప్పితే తిరుగుతుంది, లాగితే సాగుతుంది. ఆ సాగే గుణంతోనే చిక్కంతా. లాగి కుడితే, ఉతికి ఆరేటప్పటికి అంచు ముడుచుకుని బొంత అప్పడంలా లేస్తుంది. వదులుగా కుడితే అలలు అలలుగా ఉంటుంది. ఇక చుట్టూ తిరిగి వచ్చాక పట్టీ మొదలూ చివరా కలిపే చోటుందే, అక్కడ ఏడవని టైలరును నేను చూడలేదు.

ఆ బ్యాచ్‌లో కామాక్షి ఉండేది. చేపల వేటకు పోయే కుటుంబం. చిన్నప్పటి నుంచీ వలలు బాగుచేసిన చేతులు. రొయ్యల షెడ్డులో వలిచే పనికి పోయి, ఐసు నీళ్లకు వేళ్ల చర్మం ఊడి, మా దగ్గర చేరింది. ప్రాక్టికల్ పాసైతే మా కేంద్రంలోనే సహాయకురాలిగా తీసుకుంటామని పైవాళ్లు మాటిచ్చారు. తప్పితే మళ్లీ షెడ్డే. "ఆ ఐసులో ఇంక చేతులు పెట్టలేను మేడమ్" అని నాతో ఒకటికి పదిసార్లు అన్నది.

ప్రాక్టికల్‌కు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా నెల్లూరు నుంచి ఒకాయన వచ్చారు. బయటి నుంచి వచ్చే ఈ అధికారిదే తుది మాట. నేర్పిన మనిషి హాల్లో ఉండవచ్చు గానీ నోరు విప్పకూడదు. నాకది ఎంత శిక్షో మా ఇంట్లోవాళ్లనడగాలి.

కామాక్షి మిషను మీద మూడు మూలలూ తిప్పేసింది. మూల దగ్గర కుట్టు ఆపి, పట్టీని పైకి ఏటవాలుగా మడిచి, మళ్లీ కిందికి దించి సాగాలి. నాలుగో మూల కూడా కత్తితో కోసినట్టు వచ్చింది. నేను లోలోపల చప్పట్లు కొడుతున్నాను. మొదలూ చివరా కలపడానికి జానెడు మేర కుట్టకుండా వదిలింది, అదీ పద్ధతే. ఆ తర్వాత కత్తెర వేసింది. చివరను పొట్టిగా కోసేసింది. రెండు కొసలూ కలవవు, మధ్య నాలుగు వేళ్ల ఎడం.

అలాంటప్పుడు ఎవరి చెయ్యయినా లాగడానికే పోతుంది, నా చెయ్యి అయినా అంతే. క్రాసు పట్టీ కదా, సాగుతుంది, అతుకుతుంది, ఆ పూటకు గండం గడుస్తుంది. లాగవద్దే తల్లీ అని అరవాలని నా నాలుక పీకుతోంది. పక్క మిషను ఆవిడ కూడా కుట్టడం ఆపి చూస్తోంది.

కామాక్షి లాగలేదు. కుట్టిన పట్టీనే ఇంకో మూరెడు విప్పి, బాగున్న కొసను ఇంకా కోసి పారేసింది. ఉన్నదీ పోయె అనుకుని నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. మిగిలిన గుడ్డలోంచి పొడుగాటి ముక్క తీసి, రెండు వైపులా ఏటవాలుగా అతికి, తీరిగ్గా కుట్టుకుంటూ పోయింది. గంట కొట్టేసరికి పట్టీని వెనక వైపుకు మడిచి చేతి కుట్టు కూడా ముగించి దారం తెంపింది.

ఎగ్జామినరుగారు బొంతను బల్ల మీద పరిచి, అరచేత్తో అంచు పొడుగునా రాశారు. ఎక్కడా లేవలేదు. ఒక అతుకు ఉండాల్సిన చోట రెండున్నాయేమని అడిగారు.

"పొట్టిగా కోసేసినా సార్" అన్నది కామాక్షి. "పీతలు కొరికిన వలనైనా ముందు చుట్టూ ఇంకాస్త కోసేసి, తర్వాతే కొత్త దారం అల్లుతాం. ఉన్నదాన్నే లాగి ముడేస్తే, నీళ్లల్లో పడంగానే మళ్లా అక్కడే తెగిపోద్ది."

ఆయన నవ్వలేదు. అదనపు అతుకుకు మార్కులు కోసి, పాస్ అని రాశారు. నేను హాలు బయటికొచ్చి, పట్టరాని సంతోషంతో, ఎదురొచ్చిన వాచ్‌మన్‌కు పాస్ పాస్ అని చెప్పేశాను. ఎవరు పాసో పాపం అతనికి తెలియదు.

అప్పటి నుంచి రిటైరయ్యే దాకా, ప్రతి బ్యాచ్‌కూ అంచు పాఠం రోజున కావాలనే కాస్త తక్కువైన పట్టీ ఇచ్చేదాన్ని. లాగినవాళ్ల చేత విప్పించేది సహాయకురాలు కామాక్షే. పట్టీ చాలకపోవడం ఎవరికైనా జరుగుతుంది. లాగి సరిపెట్టినవాళ్లు మాత్రం బొంత ఉతికిన రోజు దొరికిపోతారు.