పాదాల పసుపు తుడిచి చూసిన డాక్టరమ్మగారు

మా డాక్టరమ్మగారు పోయారని పాలు పోసే ఆమె వచ్చి చెప్పింది. అప్పుడు బియ్యం ఏరుతున్నాను. ఆపలేదు. ఏరడం పూర్తి చేసి, వంట ముగించి, మావారితో అమలాపురం బయలుదేరాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

డెబ్భైల మొదట్లో, పెళ్లయిన కొత్తలో, నాకు కళ్లు పచ్చబడ్డాయి. మావారు మండపేట మిల్లు బియ్యం లారీతో దూరాలు తిరిగేవారు. అత్తగారు పసరు పోయించారు, ఉప్పు మాన్పించారు. తగ్గలేదు. పైగా జుట్టు ఊడిపోతోంది. "రోగిష్టి పిల్లని అంటగట్టేరు. ఉప్పలగుప్తం పంపేద్దాం" అన్నారావిడ. అది మా పుట్టినూరు. నేను తిరిగెళితే నా చెల్లెలికి సంబంధాలు రావు.

పంపేముందు ఒకసారి చూపిద్దామని డాక్టరమ్మగారి దగ్గరకు తీసుకెళ్లారు. ఆవిడ కళ్లు చూసి, పొట్ట నొక్కి, పాదాలు చాపమన్నారు.

"రోజూ పసుపు రాస్తారా?"

"ఆయ్, కొత్త కోడలు కదండీ" అన్నారు అత్తగారు.

"కామెర్ల మీద పసుపా! ఏది రోగమో, ఏది సింగారమో నాకెలా తెలుస్తుందమ్మా?"

తడి దూదితో ఆవిడే నా అరికాళ్లు తుడిచారు. లాక్కోబోతే గట్టిగా పట్టుకున్నారు. పసుపు కింద రాగిరంగు మచ్చలు. దురద లేదు కనక నేనూ పట్టించుకోలేదు. నెత్తురు తీసి కాకినాడ పంపించారు.

ఫలితం వచ్చాక నన్నూ మావారినీ మాత్రమే లోపలికి పిలిచారు. "ఇది సిఫిలిస్ అనే సుఖవ్యాధి. కాలేయానికి పాకి వాపు తెచ్చింది. కామెర్లు అందుకే. పెన్సిలిన్‌కి లొంగుతుంది. ఇద్దరికీ వెయ్యాలి."

"నాకేం లేదండీ" అన్నారు మావారు.

"నీకు లేకపోతే ఈ పిల్లకి ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా? ముందు నువ్వే రా."

ఇద్దరం సూదులు వేయించుకుని బయటికొస్తే అత్తగారు, "మావోడికి సూదెందుకండీ?" అని అడిగారు.

"మీ కోడలికి కాలేయం వాచింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. నయమయ్యేదాకా ఎక్కడికీ పంపొద్దు. మిగతాది మీ అబ్బాయి చెబుతాడు" అన్నారు డాక్టరమ్మగారు.

మావారు గోడ వైపు చూస్తూ, "నావల్లేనమ్మా" అన్నారు. ఉప్పలగుప్తం మాట మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

కొన్ని వారాలకి కళ్లు తెల్లబడ్డాయి. తర్వాత నేను కడుపుతో ఉన్నప్పుడల్లా ఆవిడ మరవకుండా నెత్తురు పరీక్ష చేయించేవారు. నేను తల దించుకుంటే, "జబ్బుకి లేని సిగ్గు మనకెందుకమ్మా?" అనేవారు.

ఇదంతా రాయనా అని మావారిని అడిగాను. "రాయి. ఎవరికైనా పనికొస్తుంది" అన్నారు.

ఆవిడ పోయిన రోజు ఆ ఇంటి సందు నిండా ఆడవాళ్లమే. ఆవిడ నీకెలా తెలుసని ఎవరూ ఎవరినీ అడగలేదు. పక్కకి జరిగి చోటిచ్చుకున్నాం, అంతే. మావారు సందు మొదట్లో చెప్పులు విప్పేసి, పాడె కదిలేదాకా ఎండలో నిలబడే ఉన్నారు.