రాట్నాలు ఆగిన ఆదివారం

రాట్నం చప్పుడు వింటే నాకు ఇప్పటికీ కుదురుండదు. ఎవరింట్లోనైనా దారం చుడుతుంటే ఏదో పనున్నట్టు లేచి వచ్చేస్తాను. తలనొప్పి కాబోలని మా ఆవిడ అనుకుంటుంది. కాదు. ఇన్నేళ్లుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్న అబద్ధం అది. ఆమెకే చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెబుతున్నాను, అదీ పేరు దాచుకుని. పిరికితనం ఇంకా పోలేదు, చూశారా?

డెబ్బైల చివర్లో నేను ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలోని చిన్న గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. మాది మంత్రాలయం దగ్గర గుడిసేవ చేసుకునే కుటుంబం. పురాణం చదివే గొంతు మా ఇంటి సొత్తని చిన్నప్పటి నుంచీ నాకు పొగరు. చదువు రానివాళ్ల కోసం ఆదివారం మధ్యాహ్నాలు వసారాలో కథలు చదివి వినిపించడం నేనే మొదలుపెట్టాను. పని మానుకుని వస్తే నేతవాళ్లకు గడవదు. అందుకే ఆడవాళ్లు రాట్నాలు మోసుకొచ్చి, కండెలకు దారం చుట్టుకుంటూ వినేవారు. మగ్గం దిగి వచ్చిన మగవాళ్లు గోడవారన చేరేవారు. ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు ముట్టనివాళ్లు కూడా ఆ వసారాలో మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవారు. అదంతా నా గొంతు మహిమే అనుకునేవాణ్ణి.

ఒక ఆదివారం నా గొంతు పోయింది. పుస్తకం తిమ్మక్క చేతికిచ్చాను. ఆమె భర్తది మగ్గం, ఆమెది రాట్నం. ఐదో తరగతి వరకు చదివింది. మొదట తడబడింది. తర్వాత పుస్తకంలోని మాటల్ని తన మాటల్లోకి తిప్పుకుంటూ పోయింది. 'రాజు ఉద్యానవనమున విహరించుచుండెను' అని నేను రాగం తీసే చోట ఆమె, "రాజు తోటలో తిరుగుతాండాడు, ఆయప్పకేం పనా పాటా" అంది. అందరూ నవ్వారు. కాసేపటికి ఏదో తేడాగా అనిపించి తలెత్తి చూశాను. రాట్నాలు ఆగిపోయి ఉన్నాయి. ఒక్కటి కూడా తిరగడం లేదు.

నేను చదివినన్నాళ్లూ ఏ రాట్నమూ ఆగలేదని అప్పుడే తెలిసింది నాకు.

ఆ తర్వాత అందరూ ఆమెనే చదవమన్నారు. నా పని తలుపు తీయడం, చాపలు పరచడం. కుళ్లుకున్నాను. దానికి వేరే మాట లేదు. వాళ్లు కలిసి కూర్చోవడమే కదా నేను కోరింది? కోరినదే జరుగుతుంటే నాకెందుకు నిద్ర పట్టలేదు? కోరింది అది కాదేమో. వాళ్లంతా కూర్చుని నన్ను వినడమేమో.

ఒక పొద్దున తిమ్మక్క పుస్తకం ముందుగా చూసుకుందామని వచ్చింది.

"అక్కా, నువ్వింక చదివేది వద్దంటాండారు," అన్నాను.

"యెవురప్పా?"

"అందరూ. ఆడమనిషి మగోళ్ల ముందర అట్ల నవ్విచ్చేది బాగలేదంట."

"మా వీదోళ్లు గూడానా?"

"ఊఁ."

ఆమె పుస్తకాన్ని కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది, తన చెయ్యి తగిలి మాసిపోయినట్టు. "ముందే సెప్పి మంచి పని సేసినావప్పా. వాళ్లే మొగం మింద అనింటే తల యాడ పెట్టుకుందును," అని వెళ్లిపోయింది. నాకు కృతజ్ఞత చెప్పి వెళ్లింది.

ఆమె ఎందుకు రావడం లేదని వీధివాళ్లు అడిగితే, మన కూటం ఆమె కంటికి ఆనడం లేదట అన్నాను. వాళ్లు నొచ్చుకుని పలకరింపులు మానేశారు. ఆ మౌనాన్ని ఆమె కోపమనుకుంది. ఆమె తలవంపును వాళ్లు గర్వమనుకున్నారు. నా రెండు అబద్ధాలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. కొన్నాళ్లకు ఆ కుటుంబం మగ్గం అమ్ముకుని ఆదోని పోయింది, పత్తి మిల్లులో కూలికి. వసారాలో నేను మళ్లీ చదివాను. రాట్నాలు తిరుగుతూనే ఉండేవి. తర్వాత అవీ రావడం మానేశాయి. జనానికి ఆసక్తి లేదని పైవాళ్లకు చెప్పాను.

ఎనభైలలో ఒకసారి ఆదోని బస్టాండులో ఆమె కనిపించింది. జుట్టు నిండా పత్తి నూగు. నన్ను చూసి ఎంత సంబరపడిందో!

"ఆడ కతలు సదువుతాండారా అప్పా? మావోళ్లకు నా మింద కోపం తగ్గిందా?"

నిజం నోటి దాకా వచ్చింది. కానీ ఆమె ఆ వీధికి ఒక్కసారి పోయి నాలుగు మాటలు మాట్లాడితే నా బండారం బయటపడదా? ఇంకొన్నాళ్లు పోనీ అక్కా అన్నాను. ఆమె తలూపింది. అప్పుడే వచ్చిన నందవరం బస్సెక్కేశాను. నేను పోవలసింది ఆ ఊరు కాదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ ఊరు మంచిదే. మిమ్మల్ని క్షమించమని అడగను, క్షమించడానికి మీరెవరు? ఆమె ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు. ఒక్కటే అడుగుతాను. దీన్ని ఎవరైనా నలుగురి మధ్య పైకి చదివితే, ఈ చివరి ముక్క మాత్రం ఆమె మాటల్లోనే చదవండి. తిమ్మక్కా, నీ మింద యెవురికీ కోపం లేదు. వద్దన్నోణ్ణి నేనొక్కణ్ణే.