దీపాల వేళ పడ్డ గోలు

మొన్న సాయంత్రం మా హాల్లో పెద్ద రభస జరిగింది. మనవడూ వాడి స్నేహితులు ముగ్గురూ టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నారు. ఎక్కడో విదేశాల్లో ఆట, ఆ జట్ల పేర్లు నాకు నోరు తిరగవు. మావాడి జట్టు గెలిచేసిందనుకుని ముందే చిప్స్ పొట్లాలు విప్పుకుని కూర్చున్నారు. ఆఖరి నిమిషాల్లో అవతలివాళ్లు పుంజుకున్నారు. సరిగ్గా అప్పుడే మా కోడలు వచ్చి ట్యూబులైటు వేసింది. నా చేతులు వాటంతట అవే జోడయ్యాయి, కళ్లు మూతపడ్డాయి. దీపం వెలగ్గానే దండం పెట్టుకోవడం దుకాణాల ఇళ్లలో పుట్టినవాళ్లకు ఒంటికి పట్టిన అలవాటు. కళ్లు తెరిచేసరికి గోలు పడిపోయింది, మనవడు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత గంటసేపు తప్పెవరిదని కొట్లాట. ఒకడు గోల్ కీపరు అన్నాడు, ఒకడు కోచ్ అన్నాడు, ఒకడు రిఫరీని పట్టుకుని తిట్టాడు. తెగక చివరికి నా మీద పడ్డారు. "తాతా, నువ్ చెప్పు, తప్పెవలిది?" అని మనవడు అడిగాడు. లైటు వేసినవాడిది అని నోటిదాకా వచ్చింది. మింగేసి, నాకేం తెలుసురా అన్నాను.

నాకు తెలియకపోవడమేమిటి! ఆ సంగతి నాకు తెలిసినంత ఈ వరంగల్లులో ఇంకెవరికీ తెలియదు.

నిజాం పాలన ఇంకా సాగుతున్న రోజులవి. బజారులో మా బాపుకు ఇత్తడి, రాగి గిన్నెల దుకాణం ఉండేది. పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ పంపు కొట్టి వెలిగించే కిరసనాయిలు గ్యాసు లైట్లు కూడా అద్దెకిచ్చేవాళ్లం. మా చిన్నప్పుడే మామయ్య పోతే, మా మేనత్త తన కొడుకును వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ కొడుకే మా బావ. నాకన్నా రెండేళ్లు పెద్ద. ఇద్దరం ఒకరి కంచం పక్కన ఒకరు కంచం పెట్టుకుని పెరిగాం, అయినా అన్నం అతని కంచంలోనే తెల్లగా ఉన్నట్టు కనిపించేది నాకు. దానికి కారణం లేకపోలేదు. బావ చెయ్యి మంచిదని బజారంతా నమ్మేది. పొద్దున తాళం తీశాక మొదటి వస్తువు అతని చేతి మీదుగా కొన్నవాడికి అందితే, ఆ రోజంతా గిరాకీ తెగదట. ఒకసారి ఎవరో ముసలమ్మకు చిన్న చెంబు ఇచ్చాడు. ఆమె వెళ్లిన కాసేపటికి పెళ్లివారు వచ్చి బిందెలూ గంగాళాలూ బండెడు కొనుక్కుపోయారు. అంతే, ఇక చూసుకోండి. బట్టల దుకాణంవాళ్లు, గాజుల దుకాణంవాళ్లు తెల్లారకముందే మా గుమ్మంలో నిలబడేవారు. "శేటూ, మీ అల్లున్ని జర పంపు, బోణీ చేసి గిట్లనే వస్తడు" అని బతిమాలేవారు. మా బాపు మీసాలు దువ్వుకుని, మా దుకాణంలో అయ్యాకే పంపిస్తాననేవాడు.

నేను ఆయన సొంత కొడుకును. రోజూ పొద్దున దుకాణం ఊడ్చి, నీళ్లు చల్లి, గిన్నెలు సర్ది చీపురుతో పక్కన నిలబడేవాణ్ణి. బాపు గద్దె మీద కూర్చుని, "అల్లుడా, రా" అని పిలిచేవాడు. ఒకసారి బావకు జ్వరం వచ్చింది. బోణీ నేను చేస్తాలే బాపూ అని ముందుకు వచ్చాను. ఆయన నా చేతుల వైపు కాసేపు చూసి, "ఇయ్యాల జర ఆలస్యంగ తెరుద్దాం తియ్" అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చేతులు పంచెలో దాచుకోవాలనిపిస్తుంది. కుళ్లంటే ఏమిటో నాకు ఆ పొద్దున బాగా తెలిసొచ్చింది. పైగా బావ ఎంత మంచివాడంటే, తిట్టుకోవడానికి కూడా వీలిచ్చేవాడు కాదు. పళ్లెంలో జిలేబీ ఉంటే పెద్దది నా వైపు జరిపేవాడు. అది ఇంకా ఒళ్లు మంట.

ఒక్క ఫుట్‌బాల్ మాత్రం నాది. మా వీధి చివర దర్జీ దుకాణం నడిపే స్నేహితుడొకడు ఉండేవాడు. వాడు మిషను తొక్కీ తొక్కీ కాళ్లు ఉక్కులా చేసుకున్నాడు, బజారు టీములో గోలుకు అడ్డంగా కాచే బ్యాకు వాడే. నేను గోల్‌లో నిలబడితే వాడు సాయంత్రాలు బంతులు కొట్టి కొట్టి నన్ను తయారుచేశాడు. నా మోచేతుల మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఏటా బజారు టీముకూ ఊళ్లోని బట్టల మిల్లు టీముకూ ఒక ఆట జరిగేది, ఏటా మిల్లువాళ్లే గెలిచేవారు. వాళ్లు కండలు తిరిగినవాళ్లు, మావాళ్లు కూర్చుని తూచేవాళ్లు. ఆ ఏడు గోల్‌కీపరును నేనే అని దర్జీ ఖాయం చేశాడు. ఆటకు వారం ముందు బజారు పెద్దలు కూర్చుని తీర్మానం మార్చేశారు. "అంత మంచి చెయ్యి గోల్‌కాడ ఉంటే బంతి లోపలికి ఎట్ల పోతదయ్యా?" అన్నాడు బట్టల శేటు. అందరూ అవునంటే అవునన్నారు. ఫుట్‌బాల్ ఆటగాణ్ణి బోణీ చెయ్యి చూసి ఎంచుకున్న ఊరు లోకంలో మాదొక్కటే అయి ఉంటుంది. బావ నాకు వద్దు మొర్రో అన్నాడు, ఎవరూ వినలేదు. నాకేమో గ్యాసు లైట్లు అప్పగించారు. గెలిస్తే ఊరేగింపు ఉంటుందట, దానికి లైట్లు సిద్ధం చేయాలట.

ఆట నాడు అతిథిగా రావలసిన అధికారి గంట ఆలస్యంగా వచ్చాడు. ఆయన రానిదే బంతి కదలదు. అందుకని ఆట ముగిసే వేళకు పొద్దు వాలిపోయింది. అంతవరకూ బజారు టీము రెండు గోల్స్ ముందుంది. మిల్లువాళ్లు కొట్టిన బంతులన్నీ ఎలా వెళ్లినా బావ చేతుల్లోకే వెళ్లాయి. ఎగరడం రాదు, దూకడం రాదు, ఊరికే నిలబడి బిందె అందుకున్నట్టు అందుకున్నాడు. మైదానం గీత పొడుగునా మా బజారంతా నిలబడి "చెయ్యి! చెయ్యి!" అని అరుస్తోంది. మా బాపు పూలదండ చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ దండ చూశాను, కళ్లలో కారం కొట్టినట్టయింది. అది నా మెడలో పడాల్సింది. నేను అదే గీత పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గ్యాసు లైటును స్పిరిటుతో వేడి చేసి పంపు కొడుతున్నాను.

ఇక పది నిమిషాలు ఉందనగా దర్జీ కాలు జారింది, మిల్లువాళ్లు ఒకటి కొట్టేశారు. రెండోది మాత్రం నిజంగా గొప్ప షాటు, ఎవరు నిలబడినా ఆపలేరు. రెండూ రెండూ సమం. ఆఖరి నిమిషం. మిల్లు ఆటగాడొకడు దూరం నుంచి బంతిని గోలు వైపు తన్నాడు. తన్నడం సరిగా కుదరలేదు, బంతి మెల్లగా దొర్లుతూ వస్తోంది. పసిపిల్లవాడైనా వంగి పట్టుకోవచ్చు. నా లైటు అప్పటికి వేడెక్కి సిద్ధంగా ఉంది, నూనె వదిలే చావి తిప్పడమే తరువాయి. రోజూ సాయంత్రం మా దుకాణంలో ఆ లైటు వెలిగించేది నేనే. చావి తిప్పగానే బావ చేతిలో ఏమున్నా కింద పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకునేవాడు. గిరాకీ నిలబడి ఉన్నా సరే. అది నాకు తెలుసు. చీకటి పడింది కాబట్టి వెలిగించానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. తెలిసే తిప్పాను. తిప్పి, అతనికి బాగా కనిపించేలా తల మీదికి ఎత్తాను.

తెల్లటి వెలుగు భగ్గున లేచింది. బావ రెండు చేతులూ జోడించి కళ్లు మూశాడు. బంతి అతని కాలి పక్కనుంచి మర్యాదగా లోపలికి వెళ్లిపోయింది. అసలు వింత అది కాదు. నేను పక్కకు తిరిగి చూస్తే, గీత పొడుగునా నిలబడ్డ మా బజారు బజారంతా, పూలదండతో సహా మా బాపు కూడా, చేతులు జోడించి కళ్లు మూసుకుని ఉన్నారు. ఒక్కడంటే ఒక్కడు గోలు చూడలేదు. నేను కాక మైదానంలో కళ్లు తెరుచుకుని ఉన్న మావాడు, దీపానికి దండం పెట్టే అలవాటు లేని దర్జీ ఒక్కడే. వాడు బంతిని చూడలేదు, నన్ను చూశాడు.

ఆ తర్వాత నెల రోజులు చాయ్ హోటల్లో తప్పెవరిదన్న పంచాయితీ తెగలేదు. చూసినవాడు ఒక్కడూ లేడు, అందుకే మాట్లాడనివాడు ఒక్కడూ లేడు. బంతి కుడివైపు నుంచి వచ్చిందని ఒకరు, ఎడమవైపు నుంచి వచ్చిందని ఒకరు. "నేను కండ్లార చూసిన, బంతి గీత దాటనే లేదు" అని మిఠాయి దుకాణం ఆయన ఒట్టు పెట్టాడు. రిఫరీ గడియారానికి కీ ఇవ్వలేదన్నారు. మొదటి గోలు దర్జీ వల్లేనని కొన్నాళ్లు వాణ్ణి ఆడిపోసుకున్నారు. దీపం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే తానూ కళ్లు మూసుకున్నానని ఒప్పుకోవాలి కదా! అలా నా తప్పును బజారంతా కలిసి దాచిపెట్టింది. తిరిగి తిరిగి నెపం చెయ్యి మీదికే వచ్చింది. "ఆ చేతుల ఇగ ఏం లేదు, బలం పోయింది" అని తేల్చారు. దర్జీ ఒకరోజు నా చొక్కా కొలతలు తీసుకుంటూ, "నేను ఎవలికీ చెప్పను భాయ్. చెప్పేటోనివి నువ్వే" అన్నాడు. వాడు మళ్లీ టేపు మెడలో వేసుకునేదాకా నేను తలెత్తలేదు.

కానీ ఆట మర్నాటి పొద్దున సంగతి చెప్పాలి. బాపు తాళం తీశాడు. బావ ఎప్పటిలాగే చేతులు కడుక్కుని, తుడుచుకుని గద్దె పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఒకాయన మరచెంబు అడిగాడు. బాపు బావ వైపు చూడకుండా, నా పేరు పెట్టి పిలిచి, "నువ్ ఇయ్యి" అన్నాడు. నా ఇరవై రెండేళ్ల బతుకంతా ఎదురుచూసిన పిలుపు అది. బావ మూలకు వెళ్లి, నేను కింద పెట్టిన చీపురు తీసుకున్నాడు. నేను మరచెంబు ఇచ్చాను. ఆ రోజు గిరాకీ ఎప్పటిలాగే ఉంది, ఎక్కువా లేదు, తక్కువా లేదు. చెయ్యి మారిన సంగతి మా దుకాణానికి తెలిసినట్టే లేదు.

పొద్దునే పిలిచేవాళ్లు లేక, బజారులో తలెత్తుకోలేక, బావ ఆ ఏడే మేనత్తను తీసుకుని ఏటూరునాగారం వెళ్లి చిన్న గిన్నెల దుకాణం పెట్టుకున్నాడు. ఆ అడవి పక్క ఊళ్లో ఫుట్‌బాల్ గొడవ ఎవరికీ తెలియదు. అక్కడా చెయ్యి మంచిదని పేరొచ్చిందని విన్నప్పుడు, నిజం చెప్తున్నాను, నాకు మళ్లీ కుళ్లు వచ్చింది. మా బాపు చివరి రోజుల్లో మంచంలో ఉండి కూడా "అల్లుడొచ్చిండా?" అని అడిగేవాడు. పక్కన కూర్చుని గంజి తాగించేది నేను.

ఇద్దరికీ జుట్టు నెరిశాక ఒక ఎండాకాలం బస్సెక్కి ఏటూరునాగారం వెళ్లాను. బావ దుకాణం ముందు స్టూలు వేసి, చాయ్ తెప్పించాడు. తాగకముందే చెప్పేశాను.

"బావా, ఆనాడు ఆ లైటు కావాలెనని ముట్టిచ్చిన."

బావ చాయ్ ఊదుకుంటూ, "ఎరుకే" అన్నాడు. "కండ్లు మూసుకునేముందు లైటు ఎవని చేతుల ఉన్నదో కనపడదారా?"

"మరి బాపుకెందుకు చెప్పలే?"

"ముట్టిచ్చింది నువ్వే, దండం పెట్టింది నేనే గద. గోల్‌కాడ నిలవడ్డోడు ఎవడన్న కండ్లు మూస్తడా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు నాకూ ధైర్యం వచ్చి, అంత ఆటలోనూ ఏం మొక్కుకున్నావు బావా అని అడిగాను.

"రోజు మొక్కేదే మొక్కిన. మా బామ్మర్దిని చూస్తె పాపమనిపిస్తది, మామ ఒక్కపారన్న వాన్ని బోణీకి పిలువాలె అని."

ఆట మర్నాడు పొద్దునే కదా బాపు నన్ను పిలిచింది. నిజమా బావా అంటే, "ఏమోరా, ఎన్నేండ్లాయె, గట్లనే యాదికున్నది" అని ఖాళీ గ్లాసులు తీసి పక్కన పెట్టాడు. నిజమే చెప్పాడో, నన్ను ఓదార్చడానికి అప్పటికప్పుడు కల్పించాడో నాకు ఈనాటికీ తెలియదు. తిరుగు బస్సులో కూర్చుని ఏడుస్తూనే, నేరం ఒప్పుకోవడానికి వెళ్లి అక్కడా అతని చేతిలోనే ఓడిపోయానే అని పళ్లు నూరుకున్నాను.

బావ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇంట్లో లైటు వెలిగితే చేతులు జోడించి, నేనూ అతనిలా ఇంకొకరి కోసం మొక్కుకోవాలని చూస్తాను. ఒకటి రెండు రోజులు కుదురుతుంది కూడా. మోకాళ్లు అరిగిపోయాయి, బజారులో మా దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో సెల్‌ఫోన్ల షాపుంది, మా బావంటే నాకున్న కుళ్లుకు మాత్రం ఇంకా ఇరవై రెండేళ్లే.